కార్డు ఉంది, పేరు లేదు

2019 ఎన్నికల ముందు ప్రతిపక్షంలో ఉన్న వైఎస్సార్‌సీపీ, రాష్ట్రంలో దొంగ ఓట్లు లక్షల్లో ఉన్నాయని ఢిల్లీ వెళ్లి ఫిర్యాదు చేసింది. 2024 ఎన్నికల ముందు ప్రతిపక్షంలో ఉన్న తెలుగుదేశం అదే ఫిర్యాదు పట్టుకుని అదే ఢిల్లీ వెళ్లింది. అధికారంలో ఎవరుంటే వాళ్లకు జాబితా సక్రమంగా కనిపిస్తుంది, బయట ఎవరుంటే వాళ్లకు అందులో దొంగలు కనిపిస్తారు. నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో ఏ ఊరి రచ్చబండ మీద కూర్చున్నా ఈ రెండు వాదాలూ వినొచ్చు. వాదన ముదిరి చివరికి గుర్తింపు కార్డు దగ్గరకు వస్తుంది: ఓటేసేవాడు తానెవరో నిరూపించుకోవాలా, వద్దా?

నిరూపించుకోవాల్సిందే. ఒకరి ఓటు ఇంకొకరు వేస్తే పోయేది ఆ ఒక్కరి హక్కే, దాన్ని ఆపడానికి గుర్తింపు అడగడంలో తప్పేమీ లేదు. కానీ మన జిల్లాల్లో అసలైన ఓటరు ఓటు పోగొట్టుకునేది పోలింగ్ కేంద్రంలో కార్డు చూపించే బల్ల దగ్గర కాదు. అంతకు నెలల ముందే జాబితాలో పోగొట్టుకుంటున్నాడు. గుర్తింపు గురించి ఇంత గట్టిగా మాట్లాడే పార్టీలు ఆ జాబితా పని ఎట్లా జరుగుతుందో జనానికి చెప్పవు, ఎందుకంటే ఆ పనిలో వాళ్ల చేతులూ ఉన్నాయి.

ముందు కార్డు సంగతి. టి.ఎన్.శేషన్ ప్రధాన ఎన్నికల కమిషనర్‌గా ఉండగా 1993లో ఫొటో గుర్తింపు కార్డుకు పట్టుబట్టారు. ఇప్పుడు దాదాపు ప్రతి ఇంట్లో ఉంది. అది లేకపోయినా ఓటు ఆగదు. ఆధార్, ఉపాధి హామీ జాబ్ కార్డు, ఫొటో ఉన్న బ్యాంకు లేదా పోస్టాఫీసు పాస్‌బుక్, డ్రైవింగ్ లైసెన్సు, పాన్, పాస్‌పోర్టు, ఫొటో ఉన్న పింఛను పత్రం, దివ్యాంగుల యూడీఐడీ కార్డు, ప్రభుత్వ ఉద్యోగి గుర్తింపు కార్డు ఇట్లా 12 పత్రాల్లో ఏదో ఒకటి చాలు. కార్డులో పేరు అక్షరం తప్పుపడినా, మనిషి ఎవరో తెలుస్తుంటే పోలింగ్ అధికారి ఒప్పుకోవాలి. కార్డు వేరే నియోజకవర్గంలో ఇచ్చిందైనా సరే, ఈ బూత్ జాబితాలో పేరుంటే చెల్లుతుంది. కనిగిరి కార్డు పట్టుకుని ఒంగోలులో ఓటేయొచ్చు, పేరు ఒంగోలు జాబితాకు మారి ఉంటే. బూత్‌లో ఏజెంట్లు ఈ రెండు విషయాల మీదే అనవసరంగా పేచీ పెడతారు, ఓటరు భయపడి వెనక్కి పోతాడు. బీఎల్వో (బూత్ పరిధిలో ఓటర్ల జాబితా చూసే బూత్ స్థాయి అధికారి) ఇంటికి తెచ్చిచ్చే ఓటరు స్లిప్పు మాత్రం గుర్తింపు కింద చెల్లదు. 2019 నుంచి ఆ వెసులుబాటు తీసేశారు. ఇప్పటికీ ఎంతోమంది పెద్దవాళ్లు ఆ స్లిప్పు ఒక్కటే కొంగున ముడేసుకుని వస్తారు.

అమెరికాలో మన పిల్లలున్న ఇళ్లలో ఈ చర్చ ఇంకో రకంగా వినిపిస్తుంది. అక్కడ మన ఓటరు కార్డులాగా ప్రభుత్వం అందరికీ ఇచ్చే కార్డు లేదు. ఇండియానా రాష్ట్రం 2005లో ఫొటో గుర్తింపు తప్పనిసరి చేస్తే, 2008లో అమెరికా సుప్రీంకోర్టు సమర్థించింది. టెక్సస్ 2011లో చేసిన చట్టంలో తుపాకీ లైసెన్సు చెల్లుతుంది, యూనివర్సిటీ విద్యార్థి కార్డు చెల్లదు. ఏ కార్డు ఏ వర్గం చేతిలో ఎక్కువగా ఉంటుందో చూసి రాసిన జాబితా అని జనం అనుమానించడంలో ఆశ్చర్యం లేదు. ఉత్తర కరొలీనా 2013 చట్టాన్ని 2016లో అప్పీలు కోర్టు కొట్టేసింది. నల్లజాతి ఓటర్లను గురి చూసి కొట్టినట్టుందని తేల్చింది. మన దగ్గర పత్రాల జాబితా విశాలంగా ఉంది, జాబ్ కార్డు దాకా ఒప్పుకుంటారు. ఈ విషయంలో మనవాళ్లు అమెరికా వాదాన్ని అట్లాగే తెచ్చి ఇక్కడ అంటించడం వల్ల ఉపయోగం లేదు. మన రోగం వేరే చోట ఉంది, దాని పేరు ఫారం 7.

ఓటర్ల నమోదులో వాడే ఫారాలు ఎక్కువ లేవు. కొత్త ఓటుకు ఫారం 6. మార్పులకు, ఇల్లు మారితే, కార్డు పోతే ఫారం 8. ఆధార్ నంబరు ఇవ్వడానికి 6బి. జాబితాలో ఉన్న పేరు తీసేయమని అడగడానికి ఫారం 7. ఈ ఫారం 7ను ఆ పేరున్న మనిషే ఇవ్వనక్కర్లేదు. అదే నియోజకవర్గంలో ఓటున్న ఎవరైనా ఇంకెవరి పేరు మీదైనా అభ్యంతరం పెట్టొచ్చు. చనిపోయాడు, ఊరు వదిలి పోయాడు, రెండు చోట్ల ఉంది, వయసు నిండలేదు, పౌరుడు కాదు అన్న కారణాల్లో ఒకదానికి టిక్కు పెట్టాలి. చనిపోయినవాళ్ల పేర్లు ఇంట్లోవాళ్లు చెప్పకపోయినా పోవాలి కాబట్టి ఈ ఏర్పాటు అవసరమే. చెడింది అది వాడే తీరులో.

ఎన్నికల ఏడాది రాగానే ఊళ్లో ఒక పార్టీ మనిషి జాబితా ముందేసుకుని కూర్చుంటాడు. ఏ వీధి ఎవరికి వేస్తుందో అతనికి కంఠతా వచ్చు. అవతలి పార్టీ వీధిలో తాళం వేసిన ఇళ్లు చూసుకుని, ఆ పేర్లన్నిటికీ 'ఊరు వదిలి పోయాడు' అని ఫారం 7లు రాస్తాడు. సంతకం తనది పెట్టడు. ఊళ్లో ఎవరో ఒక అమాయకుడి పేరు, ఓటరు కార్డు నంబరు వేస్తాడు. 2019 ఫిబ్రవరి, మార్చి నెలల్లో రాష్ట్రమంతటా ఇట్లాంటివి లక్షల్లో వచ్చి పడ్డాయి. అభ్యంతరం పెట్టినట్టు కాగితంలో ఉన్న మనుషులు, మేం పెట్టనే లేదని చెప్పారు. పోలీసు కేసులయ్యాయి. 2023లో పాత ప్రకాశం జిల్లాలోని పర్చూరులో ఫారం 7లు గుత్తగా పడ్డాయన్న వివాదం ఎన్నికల సంఘం దాకా పోయింది. కర్ణాటకలో అళంద నియోజకవర్గంలోనైతే ఆన్‌లైన్‌లో వచ్చిన 6,018 తొలగింపు దరఖాస్తులు తనిఖీ చేస్తే నిజమైనవి 24. అక్కడ ఒక బీఎల్వో తన బంధువు పేరు మీదే దరఖాస్తు కనిపించి అనుమానపడబట్టి బయటపడింది. 2025 సెప్టెంబరు నుంచి ఆన్‌లైన్ దరఖాస్తుకు ఆధార్‌తో ఈ-సంతకం పెట్టారు. మంచి పని, ఎప్పుడో చేయాల్సింది.

నిబంధనల్లో కాపలా లేదని కాదు. పార్టీ బూత్ ఏజెంటు బీఎల్వోకు రోజుకు 10 ఫారాలకు మించి ఇవ్వకూడదు. మొత్తం 30 దాటితే ఓటర్ల నమోదు అధికారి స్వయంగా సరిచూడాలి. వచ్చిన దరఖాస్తుల జాబితాను నోటీసు బోర్డు మీద, వెబ్‌సైట్‌లో పెట్టాలి. ఏడు రోజులు ఆగాలి. పేరున్న మనిషికి నోటీసు ఇచ్చి, చెప్పుకునే అవకాశం ఇవ్వాలి. 1995లోనే లాల్ బాబు హుస్సేన్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది: జాబితాలో ఒకసారి ఎక్కిన పేరు సరిగానే ఎక్కిందని అనుకోవాలి, విచారణ లేకుండా తీయకూడదు. ఆచరణలో ఏమవుతుంది? నోటీసు తాళం వేసిన తలుపుకు అంటిస్తారు, లేదా అంటించినట్టు రాసుకుంటారు. పక్కింటివాళ్లను అడిగి 'ఇక్కడ లేరు' అని ఒక వాక్యం రాస్తారు. ఆ పక్కిల్లు ఏ పార్టీదో అధికారికి పట్టదు. పేరు పోతుంది. జాబితా కాగితంలో ఆ గడి మీద డిలీటెడ్ అని అడ్డంగా ముద్ర పడి, క్రమసంఖ్య పక్కన ఒక ఇంగ్లీషు అక్షరం వస్తుంది: చనిపోతే 'ఈ' (E), ఊరు మారితే 'ఎస్', రెండోసారి ఉంటే 'ఆర్', కనిపించకపోతే 'ఎం'. బతికున్న మనిషి పేరు పక్కన 'ఈ' అక్షరం ఎందుకొచ్చిందో అడిగితే, ఫారం ఎవరిచ్చారో చూపించండని అడిగితే, చాలాచోట్ల జవాబు రాదు.

కంప్యూటరు చేసే నష్టం ఇంకో రకం. రెండేసి ఓట్లను పట్టడానికి, పేరు, తండ్రి పేరు, వయసు ఒకేలా ఉన్నవాటిని సాఫ్ట్‌వేర్ ఏరి ఇస్తుంది. నెల్లూరు జిల్లాలో ఆ ఏరుడు ఎట్లా ఉంటుందో ఆలోచించండి. పెంచలకోన నరసింహస్వామి పేరు పెట్టుకున్న పెంచలయ్యలు, పెంచలమ్మలు మండలానికి ఎంతమంది? ప్రకాశం వైపు మాలకొండయ్యలు ఎంతమంది? పెంచలయ్య, తండ్రి చెంచయ్య, వయసు 45 అని ఇద్దరు వేర్వేరు మనుషులు పక్కపక్క ఊళ్లలో ఉండటం వింత కాదు. పుట్టిన తేదీ తెలియనివాళ్లందరికీ జనవరి 1 అని రాసేసిన దేశం మనది, వయసూ కలిసిపోతుంది. దానికి తోడు కాలనీ ఇళ్లకు డోరు నంబరు ఉండదు, జాబితాలో సున్నా అని పడుతుంది. అప్పుడు ఒకే 'ఇంట్లో' వంద ఓట్లున్నట్టు కనిపిస్తుంది. పేపర్లో 'ఒకే ఇంట్లో వంద దొంగ ఓట్లు' అని హెడ్డింగు వస్తుంది. వెళ్లి చూస్తే అది ఎస్టీ కాలనీ అయి ఉంటుంది. సాఫ్ట్‌వేర్ అనుమానం చెప్పడం వరకే పనికొస్తుంది. ఫొటోలు పక్కపక్కన పెట్టుకుని, ఇద్దరి ఇళ్లకూ పోయి చూస్తేనే తేలుతుంది. తెలంగాణలో 2015లో ఓటర్ల జాబితాను ఆధార్‌తో జతచేసి ఏరివేత సాగించారు. ఆ ఏడాది ఆగస్టులో సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వుతో జతచేయడం ఆగింది. పోయిన పేర్లు మాత్రం తిరిగి రాలేదు. 2018 డిసెంబరులో ఓటేద్దామని పోయినవాళ్లెందరికో పేర్లు లేవు, ఆ రాష్ట్ర ఎన్నికల ప్రధాన అధికారి బహిరంగంగా క్షమాపణ చెప్పాల్సి వచ్చింది. ఆధార్‌తో కలిపేస్తే అన్నీ బాగుపడతాయని చెప్పే పెద్దమనుషులు ఈ సంగతి తెలుసుకుని మాట్లాడాలి. ఫారం 6బి తప్పనిసరి కాదని 2023లో ఎన్నికల సంఘమే సుప్రీంకోర్టులో చెప్పింది.

ఈ దెబ్బ అందరికంటే ఎక్కువ తగిలేది యానాది గిరిజనులకు. ముత్తుకూరు, ఇందుకూరుపేట, విడవలూరు, అల్లూరు మండలాల్లో రొయ్యల గుంటల మీద కాపలా ఉండేది ఎక్కువగా ఈ కుటుంబాలే. గుంట లీజు మారితే కుటుంబం ఇంకో గుంట గట్టు మీదికి పోతుంది. గుడిసె మారుతుంది, పంచాయతీ మారుతుంది, బూత్ మారుతుంది. బీఎల్వో పగటిపూట కాలనీకి వస్తే తాళం కూడా ఉండదు, తడిక వేసి ఉంటుంది. 'లేరు' అని రాసుకుని పోతారు. కొత్త చోట నమోదుకు పోతే చిరునామా పత్రం అడుగుతారు. గట్టు మీద గుడిసెకు కరెంటు బిల్లు ఎక్కడిది? ఇక్కడ నిబంధన స్పష్టంగా ఉంది. ఇల్లు లేని మనిషికి చిరునామా పత్రం అక్కర్లేదు. బీఎల్వో ఒకటికి రెండు రాత్రులు వెళ్లి, ఆ మనిషి అక్కడ పడుకుంటున్నాడని చూసి రాస్తే చాలు. ఈ నిబంధన తెలిసిన బీఎల్వోలు తక్కువ, తెలిసినా రాత్రి గుంటల మీదికి పోయేవాళ్లు ఇంకా తక్కువ. వాళ్లను తప్పు పట్టలేం. బీఎల్వోగా పనిచేసే అంగన్‌వాడీ కార్యకర్త పగలంతా పిల్లల్ని చూసుకుని, రాత్రి ఉప్పునీటి గట్ల మీద నడవాలంటే వాహనం ఎవరిస్తారు, తోడు ఎవరు వస్తారు? ఆ ఖర్చు రెవెన్యూ శాఖ పెట్టాలి. ఫారం ఆమోదమైనా కార్డు స్పీడ్ పోస్టులో వస్తుంది, గుంట గట్టుకు పోస్టుమాన్ రాడు, కార్డు తిరిగి పోతుంది. గుర్తింపు తప్పనిసరి అన్నవాళ్లు ఆ గుర్తింపును గుడిసె దాకా చేర్చే పూచీ కూడా తీసుకోవాలి. అది తీసుకోని ప్రభుత్వానికి బూత్‌లో కార్డు అడిగే నైతిక హక్కు సగమే ఉంటుంది.

వలసవాళ్ల సంగతి ఇంకా చిక్కుగా ఉంటుంది, ఇందులో తప్పొప్పులు రెండు వైపులా ఉన్నాయి. కనిగిరి, పామూరు, మార్కాపురం, ఉదయగిరి ప్రాంతాల నుంచి బెంగళూరు, హైదరాబాదు, చెన్నైకి పనులకు పోయేవాళ్లు వేలల్లో ఉన్నారు. 1950 ప్రజాప్రాతినిధ్య చట్టం సెక్షన్ 20 ఏమంటుందంటే, తాత్కాలికంగా ఊళ్లో లేనంత మాత్రాన నివాసం పోదు. అదే సెక్షన్, ఊళ్లో ఇల్లున్నంత మాత్రాన నివాసం ఉన్నట్టూ కాదంటుంది. బేల్దారి పనికి పోయి, పండగలకు, వానలకు తిరిగొచ్చేవాడు కనిగిరి ఓటరే. పిల్లల్ని బెంగళూరులో చదివించుకుంటూ పదేళ్లుగా అక్కడే కాపురం ఉన్నవాడు ఫారం 8 పెట్టి అక్కడికి మారాలి. ఊరి మీద మమకారం వల్ల మారడు, అది అర్థం చేసుకోదగ్గదే, కానీ చట్టం అతని వైపు లేదు. రెండు చోట్లా ఓటుంచుకోవడానికి మాత్రం చట్టం ఒప్పుకోదు. తప్పుడు ప్రకటనకు ఏడాది దాకా జైలు పడొచ్చు.

ఇక పార్టీల తీరు చూడండి. పోలింగ్‌కు రెండు రోజుల ముందు హైదరాబాదు నుంచి, బెంగళూరు నుంచి బస్సులు పెట్టి తమ వాళ్లను తెచ్చుకుంటాయి. అదే పార్టీలు అవతలివాళ్ల వలస ఓటర్ల మీద ఆరు నెలల ముందు ఫారం 7లు వేస్తాయి. మనవాడైతే వలస కూలీ, వాళ్లవాడైతే దొంగ ఓటు. వలస ఉన్నచోటి నుంచే ఓటేసే యంత్రం నమూనాను 2023 జనవరిలో ఎన్నికల సంఘం పార్టీలకు చూపించబోతే, చాలా పార్టీలు సందేహాలు చెప్పి పక్కన పెట్టించాయి. సందేహాల్లో కొన్ని న్యాయమైనవే. ప్రత్యామ్నాయం మాత్రం ఏ పార్టీ చెప్పలేదు. 2025లో ప్రత్యేక ముమ్మర సవరణ (ఎస్ఐఆర్) వచ్చింది, అంటే ఇంటింటికీ ఫారాలిచ్చి జాబితాను కొత్తగా తయారుచేయడం. బిహార్‌లో 2025 ఆగస్టు 1న ముసాయిదా వచ్చేసరికి 65 లక్షల పేర్లు లేవు. ఆ పేర్లు, కారణాలతో సహా బయటపెట్టమని సుప్రీంకోర్టు ఆదేశిస్తే గానీ జనానికి తెలియలేదు. 2025 నవంబరులో మొదలైన రెండో విడతలో తమిళనాడు ఉంది. చెన్నైలో ఉంటూ అక్కడ ఫారం నింపిన నెల్లూరువాళ్లు, ఇక్కడి పేరు ఉంచుకోవాలో తీయించుకోవాలో తేల్చుకోవాలి. తేల్చుకోకపోతే ఆ పని వాళ్ల బదులు ఇంకెవరో చేస్తారు.

కార్డు దొంగ ఓటును ఆపుతుందన్న నమ్మకానికి పెద్ద దెబ్బ తగిలింది కూడా మన పక్కనే. 2021 ఏప్రిల్ 17న తిరుపతి లోక్‌సభ ఉప ఎన్నిక జరిగింది. మన సర్వేపల్లి కూడా ఆ పరిధిలోదే. బయటి నుంచి బస్సుల్లో మనుషులొచ్చారని ఆ రోజే గోల లేచింది. తర్వాత విచారణలో, ఓటర్ల నమోదు అధికారి లాగిన్ వాడి వేల సంఖ్యలో ఓటరు కార్డులు డౌన్‌లోడ్ చేశారని తేలి, ఒక ఐఏఎస్ అధికారిని 2024 జనవరిలో సస్పెండ్ చేశారు. కార్డు అక్కడ దొంగకు అడ్డం పడలేదు, పనిముట్టయింది. లాగిన్ ఎవరి చేతిలో ఉంది, ఏ కంప్యూటరు నుంచి వాడారు, ఎన్ని కార్డులు తీశారు అన్న లెక్కను పార్టీలకు నెలనెలా ఇస్తే ఇట్లాంటిది ఏళ్ల తరబడి దాగదు.

పోలింగ్ రోజు చేయగలిగింది కొంత ఉంది. ఇంటింటికీ తిరిగినప్పుడు కనిపించనివాళ్ల, ఊరు మారినవాళ్ల, చనిపోయినవాళ్ల పేర్లతో ఏఎస్‌డీ జాబితా ప్రిసైడింగ్ అధికారి దగ్గర ఉంటుంది. ఆ జాబితాలో పేరుంటే ఓటు లేదని కాదు. అధికారి పత్రాలు స్వయంగా చూసి, డిక్లరేషన్ తీసుకుని, 17ఏ రిజిస్టరులో సంతకంతో పాటు వేలిముద్ర వేయించుకుని ఓటేయనివ్వాలి. 'నీ పేరు ఏఎస్‌డీలో ఉందమ్మా, పో' అని పంపడం తప్పు. ఏజెంటుకు ఒక ఓటరు మీద అనుమానం ఉంటే 2 రూపాయలు కట్టి సవాలు చేయొచ్చు, ప్రిసైడింగ్ అధికారి అక్కడికక్కడే విచారించి తేల్చాలి. రెండు రూపాయలు కట్టకుండా కేకలు వేసే ఏజెంటును బయటికి పంపొచ్చు. మీ ఓటు అప్పటికే ఎవరో వేసేసి ఉంటే టెండర్డ్ ఓటు అడగండి. మీరెవరో తేలితే కాగితపు బ్యాలెట్ ఇస్తారు, 17బిలో రాసుకుంటారు. అది లెక్కింపులో కలవదు, కవరులో విడిగా ఉంటుంది, కోర్టులో ఎన్నికల పిటిషన్ పడితేనే బయటికొస్తుంది. అయినా అడగాలి. ఒక బూత్‌లో టెండర్డ్ ఓట్లు పది పడ్డాయంటే ఆ బూత్‌లో ఏం జరిగిందో ఆ కవరే సాక్ష్యం.

పేరు అసలు జాబితాలోనే లేనివాడికి మాత్రం ఆ రోజు ఏ దారీ లేదు. కార్డు చేతిలో ఉన్నా లేదు. నామినేషన్ల చివరి తేదీ దాటాక ఎన్నిక ముగిసేదాకా జాబితాలో పేరు చేర్చడానికీ తీయడానికీ చట్టం ఒప్పుకోదు. 2024లో మన రాష్ట్రంలో ఆ తేదీ ఏప్రిల్ 25, పోలింగ్ మే 13. ఈ మధ్యలో వచ్చి ఎంత మొత్తుకున్నా కలెక్టరు కూడా ఏమీ చేయలేడు. పంచాయతీ, మునిసిపల్ ఎన్నికల జాబితాలూ ఈ అసెంబ్లీ జాబితా నుంచే తీస్తారు కాబట్టి, ఇక్కడ పోయిన పేరు వార్డు ఓటుకూ పోయినట్టే. ఇంట్లో అందరి పేర్లూ ఏడాదిలో రెండుసార్లయినా చూసుకోవాలి. వెబ్‌సైట్ చేతకాకపోతే 1950కి ఫోన్ చేసి కార్డు నంబరు చెబితే చాలు.

తీసేసి ఉంటే అందరూ చెప్పే సలహా మళ్లీ ఫారం 6 పెట్టమని. తొందరగా అయ్యేది అదే, పెట్టండి. దానితో ఆగొద్దు. ఫారం 7 ఎవరు పెట్టారో, నోటీసు ఏ తేదీన ఎవరికి ఇచ్చారో, తొలగింపు ఉత్తర్వు ఏదో రాతపూర్వకంగా అడగండి. ఉత్తర్వు వచ్చిన 15 రోజుల్లో కలెక్టరుకు అప్పీలు చేయొచ్చు, అక్కడ తోసేస్తే 30 రోజుల్లో రాష్ట్ర ఎన్నికల ప్రధాన అధికారికి రెండో అప్పీలు. జాబితా పనిలో బాధ్యత తప్పిన ఉద్యోగికి 1950 చట్టం సెక్షన్ 32 కింద మూడు నెలలకు తగ్గకుండా రెండేళ్ల దాకా జైలు ఉంది. ఆ కేసు మాత్రం ఓటరు నేరుగా పెట్టలేడు, ఎన్నికల సంఘం గానీ రాష్ట్ర ఎన్నికల ప్రధాన అధికారి గానీ ఆదేశిస్తేనే కోర్టు తీసుకుంటుంది. దొంగ ఓట్ల గురించి ఢిల్లీ దాకా వెళ్లే పార్టీలు, తమకు పడే ఓటు పోయినప్పుడే కాకుండా అవతలివాళ్ల ఓటు అన్యాయంగా పోయినప్పుడు కూడా ఆ ఆదేశం ఇవ్వమని రాష్ట్ర ఎన్నికల ప్రధాన అధికారి ముందు అర్జీ పెట్టాలి. ఇప్పటిదాకా మన రెండు జిల్లాల్లో ఏ పార్టీ అట్లా అడిగిన దాఖలా కనపడదు.